మూడవ గడి

రాయపూరు రైల్వే క్వార్టర్లలో ఒక ఇంటి వసారా. సాయంకాలం దీపాలు పెట్టే వేళకు పదిహేడేండ్ల పిల్ల ఒకతె అక్కడ చాప పరచుకొని, లావుపాటి నోటుపుస్తకం ఒకటి ముందు వేసుకొని కూర్చుంటుంది. ఆ పుస్తకంలోని ప్రతి పుటనూ ఆమె నిలువుగీతలతో మూడు గడులుగా విభజించుకొన్నది. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండవ గడిలో దానికి హిందీ అర్థం. మూడవ గడి నెత్తిన "తెలుగు" అని ఎర్రసిరాతో వ్రాసి, ఆ మాట క్రింద రెండు గీతలు కూడ గీచినది. మొదటి రెండు గడులూ చక్కగా నిండి ఉన్నవి. మూడవ గడిలో మొదటి పుటలో నాలుగు మాటలు, రెండవ పుటలో ఒకటి కనిపిస్తవి. ఆపైన అంతా తెల్లకాగితమే.

కఠినపదాల పట్టికలు సాధారణంగా అక్షరక్రమంలో ఉంటవి. అందుచేత ఇటువంటి నోటుపుస్తకాలకు ఒక సామాన్యలక్షణం ఏర్పడినది. ‘అబేట్’, ‘అబెయన్స్’, ‘అబెరేషన్’ మొదలైన మాటలున్న పుటలు ముత్యాలవంటి అక్షరాలతో, రంగురంగుల సిరాలతో కళకళలాడుతుంటవి. ‘డి’ అక్షరానికి వచ్చేసరికి ఒకే రంగు మిగులుతుంది. ‘ఎమ్’ దగ్గర దస్తూరి వంకరలు పోతుంది. ‘వి’ ని చేరినవారు అరుదు. దేశంలోని ఏ నగరంలోనైనా సరే, పోటీపరీక్షకు చదివే విద్యార్థికి ‘అబెరేషన్’ అంటే తెలిసినంత బాగా ‘వైసిసిట్యూడ్’ అంటే తెలియకపోవటానికి కారణం బుద్ధిమాంద్యం కాదు, అక్షరమాల. ఈ పిల్ల మాత్రం ఆగలేదు. వర్షాలు మొదలయ్యే నాటికి ‘ఎన్’ వరకూ వచ్చినది.

ఆమె పట్టుదలకు వెనుక తండ్రి కథ ఒకటి ఉన్నది. ఆయన రైల్వేలో గుమాస్తా. పడుచుతనంలో ఒక పైపదవికి జరిగిన ముఖాముఖి పరీక్షలో, అంతకు ముందు పుస్తకాలలో మాత్రమే చూచిన ఒక మాటను ఆయన వాడినాడు. ఒక గుణానికి నిలువెత్తు రూపమైన మనిషిని గురించి చెప్పేటప్పుడు ఇంగ్లీషువారు వాడే ‘ఎపిటమీ’ అనే మాట అది. చివరి అక్షరం పలకదనుకొని ఆయన దానిని ‘ఎపిటోమ్’ అన్నాడు. బల్లకు ఆవలివైపు కూర్చున్నవారు ఒకరి ముఖం ఒకరు చూచుకొని నవ్వినారు. ఆ పదవి రాకపోవటానికి ఆ మాటే కారణమో, వేరేమైనా ఉన్నదో ఎవరూ చెప్పలేరు. ఆయన మాత్రం అదే కారణమని నమ్మినాడు. మాట అర్థం ఆయనకు తెలుసును. వాక్యంలో సరియైన చోటనే వాడినాడు. కంటితో నేర్చిన భాషను నోటితో పలకవలసి వచ్చినప్పుడు ఎంతటి చదువరికైనా కాలు జారవచ్చును. ‘హైపర్బొలీ’ని ‘హైపర్‌బోల్’ అన్నవారు విశ్వవిద్యాలయాలలో సైతం లేకపోలేదు. ఇంటిలో ఇంగ్లీషు వినిపించనివాడు దానిని పుస్తకంలోనే వెతుక్కోవాలి గదా! అట్లా వెతుక్కొన్నందుకు నవ్వటం పెద్దమనిషితరహా కాదు. కాని నవ్వినవారు మరచిపోతారు, నవ్వించుకొన్నవాడు మరచిపోడు. తన కూతురికి మాట తెలిసినంత మాత్రాన చాలదు, దానిని ఎట్లా పలకాలో కూడ తెలియాలని ఆయన కోరిక. అందుకే నోటుపుస్తకంలో మొదటి గడిలోని ప్రతి మాట మీదా, ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలో తెలుపుతూ పెన్సిలుతో చిన్న గీత ఒకటి ఉంటుంది. ఆ గీతలు తండ్రివి.

ఈ కుటుంబం వంటి కుటుంబాలు రాయపూరులో అనేకం. విజయనగరం నుండి పార్వతీపురం మీదుగా రాయపూరు దాకా రైలుమార్గం 1931లో పూర్తయినది. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి ఆ మార్గం బస్తరు, కలహండి అడవుల అంచుల వెంబడి సముద్రతీరాన్నీ ఛత్తీస్‌గఢ్ మైదానాన్నీ కలిపినది. ఆ దారిని ధాన్యమూ కలపా దిగినట్లే తెలుగు గుమాస్తాలూ, ఫిట్టర్లూ, గార్డులూ, వారి వెంట ఆవకాయ జాడీలూ ఎక్కివచ్చినవి. ఈ పిల్ల మామ్మ కూడ పెండ్లికూతురుగా పార్వతీపురంలో ఆ బండే ఎక్కి, తెల్లవారి రాయపూరులో దిగినది. ఇప్పటికి అరవై యేండ్లు కావస్తున్నది. బజారులో హిందీ, పొరుగువారితో ఛత్తీస్‌గఢీ, ఇంటిలో తెలుగు. చద్దన్నాన్ని పొరుగువారు ‘బాసీ’ అంటారని ఆమె వచ్చిన వారంలోనే నేర్చినది. దానికి నోటుపుస్తకం అక్కరలేకపోయినది.

మాటలను పట్టికలుగా కట్టి కంఠస్థం చేయటం ఈ దేశానికి ఇంగ్లీషువారు నేర్పిన విద్య కాదు. పూర్వం బడిలో చేరిన పిల్లవాడు అమరకోశం వల్లించేవాడు. అమరసింహుడు మాటలను అక్షరక్రమంలో పేర్చలేదు. స్వర్గం, ఆకాశం, దిక్కులు, కాలం, భూమి, పురం, వనౌషధులు అంటూ వర్గాలుగా పేర్చినాడు. ఒక వస్తువును తలచుకొంటే దాని పర్యాయపదాలన్నీ, దాని చుట్టపక్కాలైన వస్తువులన్నీ వరుసగా నాలుకమీదికి వచ్చేవి. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహాన్ని పద్యాలలో కట్టినదీ ఈ ప్రయోజనం కోసమే. ఇప్పటి పట్టికలో ‘అబెయన్స్’ ప్రక్కన ‘అబెరేషన్’ నిలబడటానికి వాటి మొదటి అక్షరాలు తప్ప వేరొక సంబంధం లేదు. రైలుపెట్టెలో ప్రక్క ప్రక్కన కూర్చున్న అపరిచితులవంటివి ఆ రెండూ. ఒకటి గుర్తు ఉన్నంత మాత్రాన రెండవది గుర్తుకు రాదు.

ఈ లోపాన్ని గ్రహించినవారు ఇంగ్లీషులోనూ ఉన్నారు. రీడర్స్ డైజెస్ట్ పత్రికలో విల్‌ఫ్రెడ్ ఫంక్ 1945లో ప్రారంభించిన పదసంపద శీర్షిక భారతదేశంలో సైతం ఎన్నో ఇండ్లలో చందాదారులచేత పెన్సిళ్ళు పట్టించినది. 1949లో నార్మన్ లూయిస్ ప్రకటించిన ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ నేటికీ పాత పుస్తకాలు అమ్మే కాలిబాటలమీద కనిపిస్తూనే ఉన్నది. లూయిస్ పద్ధతి ధాతువులను పట్టుకొనే పద్ధతి. లాటిను, గ్రీకు మూలాలు కొన్ని తెలిస్తే వాటినుండి పుట్టిన మాటలు గుత్తులు గుత్తులుగా వస్తవని ఆయన చెప్పినాడు. సంస్కృతపు వాసన ఏ కొంచెమైనా తెలిసిన భారతీయ విద్యార్థికి ఈ మార్గంలో ఆయన ఊహించని లాభం ఒకటి ఉన్నది. ‘ఇగ్నియస్’లో అగ్ని ఉన్నది. ‘నాక్టర్నల్’లో ఉన్నది నక్తంచరుని నక్తమే. ‘డొమెస్టిక్’లోని లాటిను మాటా, వేదంలో ఇంటికి పేరైన ‘దమ’మూ తోబుట్టువులు. దంపతి అంటే మొదట ఆ ఇంటికి పతి అనియే అర్థం. ‘మాగ్నానిమస్’ను విడదీస్తే మహత్తైన ప్రాణం గలవాడు అని వస్తుంది. మహాత్ముడు అనే మాటకు ఇది ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు. దానికి వ్యతిరేకమైన ‘పుసిలానిమస్’కు నిఘంటువులు పిరికివాడు అని వ్రాస్తవి. విడదీస్తే మాత్రం అది అచ్చముగా అల్పప్రాణి! తెలుగు ఇండ్లలో రోజూ వినిపించే మాట. పిల్లలు దానిని ఇరవై సార్లు వల్లించి, అర్థం హిందీలో వ్రాసుకొని, పరీక్షనాడు మరచిపోతున్నారు.

ఈ చుట్టరికాల వేటలో ఒక ప్రమాదం కూడ లేకపోలేదు. హిందీలో ‘బద్’ అంటే చెడు. ఇంగ్లీషులోనూ ‘బ్యాడ్’ అంటే చెడే. ఈ రెండింటికీ రక్తసంబంధం ఏమీ లేదు. పారశీకం నుండి ఒకటి వచ్చినది, రెండవది ఇంగ్లీషుగడ్డమీదనే పుట్టినది. కాకతాళీయం ఎంత గట్టిగా నిజంవలె కనిపించగలదో చెప్పటానికి భాషాశాస్త్రజ్ఞులు ఈ జంటనే తరచు చూపుతుంటారు.

ఇక రెండవ గడి సంగతి. రాయపూరులో దొరికే మార్గదర్శక గ్రంథాలన్నీ సహజంగానే ఇంగ్లీషు మాటకు హిందీలో అర్థం చెప్తవి. ఆ హిందీ ఎక్కువగా సంస్కృతం నుండి తెచ్చుకొన్న హిందీ. తెలుగువాని చెవికి ఆ సంస్కృతపదాలు చిరపరిచితమైనవి. చిక్కంతా ఆ పరిచయంలోనే ఉన్నది. రెండు ఇండ్లలో పెరిగిన ఒక్క మాటకు రెండు స్వభావాలు ఏర్పడినవి. హిందీలో ‘అవసర్’ అంటే చక్కని అదను. తెలుగులో అవసరం అంటే అక్కర. హిందీవారి ‘ఉపన్యాస్’ చదువుకొనే నవల, తెలుగువారి ఉపన్యాసం సభలో విని ఓర్చుకోవలసినది. ‘ఆగ్రహ్’ అంటే పట్టుబట్టి కోరటం, ఆగ్రహం అంటే కోపం. అందుచేతనే హిందీమిత్రుడు సాగ్రహంగా భోజనానికి పిలిస్తే క్రొత్తగా వచ్చిన తెలుగువాడు కంగారుపడతాడు. ‘వ్యవసాయ్’ అక్కడ వ్యాపారం, ఇక్కడ సేద్యం. ‘రాష్ట్ర్’ అక్కడ దేశమంతా, ఇక్కడ అందులో ఒక భాగం. అనువాదవృత్తిలో తలలు నెరిసినవారు సైతం రాత్రిపూట నిద్రమత్తులో ఈ గుంటలలో పడిన సందర్భాలు ఉన్నవి.

వసారాలో సాయంకాలపు చదువు ఈ గుంటల నడుమనే సాగుతుంది. పిల్ల పైకి చదువుతుంది. మామ్మ వత్తులు చేసుకొంటూ వింటుంది.

"ఇండస్ట్రియస్. ఉద్యోగీ."

"ఉద్యోగి అని ఉందేటే అందులో?" అని మామ్మ చేయి ఆపినది. "మీ తాతయ్య ఆఫీసులో ఉద్యోగులందరినీ చూసేను గదే అమ్మా. కునుకు తీసీవోళ్ళే సగంమంది."

"అది కాదు మామ్మా. హిందీలో ఉద్యోగీ అంటే బాగా కష్టపడేవాడు."

"ఐతే అలాగని రాసుకో. ఉద్యోగి అని రాసీకు."

మరొకనాడు ‘మండేన్’ వచ్చినది. హిందీ గడిలో ‘సాంసారిక్’. లౌకికమైనది, ప్రాపంచికమైనది అని భావం. తెలుగులో సంసారం అంటే ఆలుబిడ్డలతో కూడిన ఇల్లు. సంసారపక్షం అంటే మర్యాదగల బ్రతుకు. తుచ్ఛమైన సంగతులకు వాడే ఇంగ్లీషు మాటకు సంసారం అనే మాటనుండి అర్థం తీయటం మామ్మకు నచ్చలేదు. ‘శిక్షా’ అంటే చదువు అని విన్నప్పుడు మాత్రం ఆమె ఆశ్చర్యపడలేదు. ఆశ్చర్యపడినది మనవరాలే. తెలుగులో శిక్ష అంటే దండన గదా అని ఆ పిల్ల వాదించినది. "ఐతే పెద్దబాలశిక్ష అంటే పిల్లల్ని పెద్దగా కొట్టడమేటే?" అన్నది మామ్మ. హిందీలో నేటికీ నిలిచి ఉన్న పాత అర్థం తెలుగులో ఒక పుస్తకం పేరులో భద్రంగా ఉన్నది. ఆ పుస్తకాన్ని చూచినవారికి తప్ప అది తెలియదు. ఆ రాత్రి మూడవ గడిలో ఏమీ వ్రాయలేదుగాని, పిల్ల పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టుకొన్నది.

రాయపూరులో ఈ పని చేసినవారిలో ఈ పిల్ల మొదటిది కాదు. నగరం నడిబొడ్డున బూఢా తాలాబు అనే పెద్ద చెరువు ఉన్నది. దానికి ఇప్పుడు వివేకానంద సరోవరమని పేరు. 1877లో పదునాలుగేండ్ల నరేంద్రుడు తండ్రి విశ్వనాథదత్తు వద్దకు ఈ ఊరికే వచ్చి, 1879 వరకు ఇక్కడ గడిపినాడు. అప్పటికి రాయపూరుకు రైలూ లేదు, అతని చదువుకు తగిన పాఠశాలా లేదు. తండ్రితోనూ, ఇంటికి వచ్చే పెద్దలతోనూ వాదసంవాదాలే అతని బడి అయినవి. ఆ కుటుంబం దిగిన ఇల్లు బుఢాపారాలోని డే భవనమని ఊరివారు చెప్పుకొంటారు. ఆ ఇంటి యజమాని భూతనాథ డే న్యాయవాది. అదే 1877లో ఆయనకు పుట్టిన కుమారుడు హరినాథుడు.

హరినాథ డే పేరు తెలుగుదేశంలో బొత్తిగా వినిపించకపోవటం విచారకరం. రాయపూరులో బాల్యం గడిపి, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలోనూ, కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలోనూ చదివి, ఢాకాలో ఆచార్యుడై, 1907లో కలకత్తా ఇంపీరియల్ లైబ్రరీకి గ్రంథపాలకుడైనాడు. ఆ పదవిని అందుకొన్న మొదటి భారతీయుడు ఆయన. ఆ గ్రంథాలయమే నేటి జాతీయ గ్రంథాలయం. లాటిను, గ్రీకు, సంస్కృతం, పాలీ, అరబ్బీ, పారశీకం, టిబెటన్, చైనీసు మొదలుగా ఆయనకు వచ్చిన భాషలు ముప్పది నాలుగని లెక్క కట్టినారు. 1911 ఆగస్టులో మరణించేనాటికి ఆయన వయస్సు కూడ సరిగా ముప్పది నాలుగే. ఏడాదికొక భాష! ఈ లెక్కలో కొంత అతిశయోక్తి ఉన్నదనుకొన్నా, మిగిలినది సైతం మానవమాత్రునికి అసాధ్యంగానే తోస్తుంది.

ఇంతటివాని అక్షరాభ్యాసాన్ని గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. తల్లి వంటింటిలో కూరలు తరుగుతూ, తరిగిన ముక్కలను అక్షరాల ఆకారంలో పేర్చి చూపేదట. పసివాడు వాటిని చూచి, పొయ్యిలోని బొగ్గుముక్క తీసికొని ఇంటి గోడలనిండా అవే అక్షరాలు వ్రాసేవాడట. కథ ఎంతవరకు యథార్థమో కాని, కల్పితమైనా బుద్ధిమంతులు కల్పించినదే. ముప్పది నాలుగు భాషలకు ద్వారం వంటింటి గోడమీద తెరుచుకొన్నదని చెప్తున్నది. ఆయన తరువాత కళాశాల విద్యార్థులకోసం మెకాలే వ్రాసిన మిల్టన్ వ్యాసానికీ, పాల్‌గ్రేవ్ కవితాసంకలనానికీ వ్యాఖ్యలు కూర్చినాడు. కఠినపదాలకు అర్థాలు, వాటి పుట్టుపూర్వోత్తరాలు, పూర్వకవుల ఛాయలు చూపే వ్యాఖ్యలవి. భారతీయుడు ఇంగ్లీషు నేర్చి ఇంగ్లీషుకే వ్యాఖ్యానం వ్రాయటం ఆ రోజులలో సామాన్యవిషయం కాదు.

విచిత్రమేమంటే అదే 1877లో పుట్టిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు కూడ మధ్యపరగణాలలోనే పెరిగినాడు. నాగపూరులో అక్క ఇంట ఉండి చదివి, మరాఠీలో పండితుడై, ఇంగ్లీషులోని శాస్త్రాలను తెలుగులోకి తేవాలని విజ్ఞానచంద్రికా మండలిని, విజ్ఞానసర్వస్వాన్ని తలపెట్టినాడు. ఆయనది మూడవ గడి నింపిన జీవితం. ఆ అక్కయే భండారు అచ్చమాంబ. బడి ముఖం చూడకుండా, తమ్ముని చదువు వెంట తానూ చదివి, ఒక్కొక్క భాషనే వశం చేసికొని, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను తెలుగు స్త్రీలకు ఇచ్చినది. రాయపూరుకు రైలుబండిమీద రెండు గంటల ప్రయాణదూరంలో ఉన్న బిలాస్‌పూరులో 1905లో ముప్పది యేండ్లు దాటిన వెంటనే కన్నుమూసినది. ఆమెకు ఏ పరీక్షా లేదు, ఏ పదవీ రాదు. నూనెదీపం ముందు పరాయి భాషలోని పుస్తకం తెరచుకొని, ఆమె మొదటి గడిలో ఏ మాట వ్రాసికొన్నదో తెలిస్తే ఎంత బాగుండును!

హిందీ గడి కూడ దానంతట అది నిండలేదు. రాయపూరులో చదివి, రాయపూరులోనే 1926లో మరణించిన మాధవరావు సప్రే మాతృభాష మరాఠీ. 1900లో పేండ్రా నుండి ‘ఛత్తీస్‌గఢ్ మిత్ర’ పత్రికను హిందీలో నడపటం ప్రారంభించి, తిలకుగారి ‘గీతారహస్యా’న్ని హిందీ చేసి, కాశీ నాగరీ ప్రచారిణీ సభవారి వైజ్ఞానిక కోశంలో అర్థశాస్త్రపదాల బాధ్యత వహించినాడు. రాయపూరు న్యాయవాదియైన రవిశంకర శుక్లా ప్రభుత్వం నడిపినప్పుడు నాగపూరులో డాక్టరు రఘువీర ఇంగ్లీషు పారిభాషికపదాలకు సంస్కృతధాతువుల నుండి వేలకొలదిగా క్రొత్తమాటలు నిర్మించినాడు. ఆయన బృహత్కోశం 1955లో వెలువడినది. పరిహాసప్రియులు టైకి ‘కంఠలంగోటు’ అని తామే ఒక మాట కల్పించి ఆయనకు అంటగట్టినారు. నవ్వటం తేలిక. ఇంగ్లీషులో ఒక మాట కనిపించినప్పుడు దానికి ఎదురుగా ఉన్న గడి ఖాళీగా ఉండటం రఘువీర సహించలేకపోయినాడు. ఆయన మాటలలో చాలభాగం ఎవరి నోటా పలుకలేదన్నది నిజమే. ఖాళీని చూచి ఆయన పడిన బాధ కూడ అంతే నిజం.

ఐతే ప్రతి ఖాళీగడికీ క్రొత్తమాట అక్కరలేదు. ‘బి’ అక్షరం నాటి సంగతి ఇది. పిల్ల ‘బాండికూట్’ అనే మాట చదివి, ఒక జాతి పెద్ద ఎలుక అని హిందీలో వ్రాసికొన్నది.

"ఏటీ, మళ్ళీ సెప్పు," అన్నది మామ్మ.

"బాండికూట్, మామ్మా. పెద్ద ఎలుక. పునాదులు తవ్వేస్తుంది."

"బాండికూటేటే! పందికొక్కు గదే అది!"

పిల్ల నవ్వి ఊరుకొన్నది. రాత్రి తండ్రి ఇంటికి వచ్చి పెద్ద నిఘంటువు తీసి చూచినాడు. పందికొక్కే. 1886లో యూల్, బర్నెల్ పండితులు ప్రకటించిన ‘హాబ్సన్ జాబ్సన్’ కోశం నాటికే ఇది తెలుగు నుండి ఇంగ్లీషులోకి పోయిన మాట అని స్థిరపడినది. ఆ తరువాత అది ఆస్ట్రేలియాకు కూడ వెళ్ళి, అక్కడ కడుపుసంచిలో పిల్లలను మోసే వేరొక జంతువుకు పేరైనది. పార్వతీపురం గాదెల క్రింద పుట్టిన మాట భూగోళం చుట్టివచ్చి, రాయపూరు వసారాలో ఒక తెలుగుపిల్లకు కఠినమైన ఇంగ్లీషుపదంగా ఎదురైనది. ఆమె మొదటి పుటలలో నింపిన నాలుగైదు తెలుగుమాటలలో ఇది ఒకటి. ముసలామె చాలరోజులు ఈ విజయాన్ని పొరుగువారికి చెప్పుకొన్నది.

‘ఎఫెమెరల్’ నాడు అట్లా జరుగలేదు. గ్రీకుభాషలో ఒక్కదినం మాత్రమే ఉండేది అని దానికి అర్థం. హిందీ గడిలో ‘క్షణభంగుర్’ అని ఉన్నది. ఆ సాయంకాలం తొలకరి వాన వెలిసి, దీపం చుట్టూ రెక్కల పురుగులు ముసిరినవి. పిల్ల విసుగుతో పుస్తకం మూసి, "ఈ కీడేలు చదవనివ్వవు," అన్నది. కీడా అనే హిందీ మాటకు తెలుగు బహువచనం తగిలించి ఆ ఇండ్లలో పిల్లలు అట్లాగే మాట్లాడుతారు. "ఉసిళ్ళే అమ్మా. దీపం ఆర్పీ, పోతాయి. తెల్లారేసరికి రెక్కలు తప్ప మరేటీ ఉండవు," అన్నది మామ్మ. పిల్లకు ఆ మాట అంతవరకు తెలియదు. ఎఫెమెరల్ తెలుసును, క్షణభంగుర్ తెలుసును, కంటి ముందు ఎగిరే పురుగు పేరు తెలియదు. తప్పు ఆమెది కాదు. ఆ మాటను అడిగే పరీక్ష ఎక్కడా లేదు. అమెరికా విశ్వవిద్యాలయాలలో ప్రవేశానికి జరిపే జి.ఆర్.ఇ. పరీక్షలో వ్యతిరేకపదాలు చెప్పమనే ప్రశ్నలను 2011లో తీసివేసినారు. ఐనా కఠినపదాల పట్టికల గిరాకీ తగ్గలేదు. ఆ పిల్ల రాయవలసిన పరీక్షలోనూ వాటికి మార్కులున్నవి. మంచి మార్కులు వస్తే ఆమె ఢిల్లీ వెళ్ళి చదువుతుంది. ఆపైన ఇంకా దూరం. తండ్రి మనస్సులో పటం సిద్ధంగా ఉన్నది. ఆ పటంలో పార్వతీపురం లేదు, రాయపూరు సైతం ఒక మూలకు జరిగినది.

‘ఎన్’ అక్షరంలో ‘నోస్టాల్జియా’ వచ్చినది. మార్గదర్శకగ్రంథం ‘ఘర్ కీ యాద్’ అన్నది.

ఈ మాటకు ఒక చరిత్ర ఉన్నది. ఇది గ్రీకుమాటవలె కనిపిస్తుందేగాని, ప్రాచీన గ్రీకులు దీనిని ఎరుగరు. 1688లో స్విట్జర్లండు దేశపు యువవైద్యుడు యొహానెస్ హోఫర్ బాసెల్ నగరంలో తన వైద్యపరీక్షకు సమర్పించిన వ్యాసంలో దీనిని పుట్టించినాడు. ఇంటికి దూరమైన పడుచువారు కారణం తెలియకుండా క్షీణించిపోవటం ఆయన గమనించినాడు. బెర్న్ నుండి బాసెల్‌కు చదువుకోసం వచ్చిన విద్యార్థి ఒకడు జ్వరంతో మంచం పట్టి, ఇక బ్రతకడనుకొన్న స్థితిలో, ఇంటికి తీసికొనిపోతున్నామనగానే తేరుకొన్నాడట. ఇటువంటి జబ్బును ఆ దేశపు సామాన్యజనులు ‘హైమ్‌వే’ అని తమ భాషలో పిలుచుకొనేవారు. ఇంటినొప్పి అని దాని అర్థం. పల్లెటూరి మాటకు వైద్యగ్రంథంలో చోటు ఉండదు గనుక హోఫర్ దానిని విడదీసి, ఇంటికి మరలటం అనే గ్రీకుమాటనూ, నొప్పి అనే గ్రీకుమాటనూ అతికి, ‘నోస్టాల్జియా’ అనే పండితపదం చేసినాడు. అంటే మొదటి గడిలోని ఈ గంభీరపదం నిజానికి మూడవ గడి నుండి వెళ్ళినదే. అనువాదకుడు ఒకడు దానికి పట్టుబట్ట కట్టి పంపినాడు.

హిందీ మాటలో ఇల్లు ఉన్నది, తలపు ఉన్నది, జబ్బు లేదు. ఇంటిని తలచుకోవటం వేరు, తలచుకొని తలచుకొని అన్నం మానివేయటం వేరు. పిల్లకు ఈ భేదం తెలియదుగాని, "ఘర్ కీ యాద్, అంతేనా?" అని తనలో తానే అనుకొన్నది. ఇంత కష్టమైన మాటకు ఇంత తేలికైన అర్థమా అని ఆమె సందేహం.

"ఎవరికే ఇంటి మీద యాద్?" అని మామ్మ అడిగినది.

పిల్ల చెప్పినది. దూరపు ఊరు వెళ్ళినవాళ్ళకు ఇల్లు గుర్తుకు వచ్చి మనస్సు బాగుండకపోవటం, మొదట డాక్టర్లు దానిని రోగమనేవాళ్ళట అని.

మామ్మ వత్తుల పళ్ళెం ప్రక్కకు జరిపినది. "బెంగ," అన్నది. "నాను ఈ ఊరొచ్చిన కొత్తలో బెంగ పెట్టీసుకున్నాను. ఇరవై రోజులు జ్వరం. మీ తాతయ్య రైల్వే డాక్టరు దగ్గిరికి తీసుకెళితే మందు రాసిచ్చేడు. తగ్గలేదు. ఆఖరికి మా నాన్న ఒచ్చి బండెక్కించి తీసుకుపోయేడు. రాయగడ దాటేసరికి ఆకలేసింది."

"మందు లేకుండానే తగ్గిపోయిందా?"

"బెంగకి మందేటే?"

స్టేషను వైపునుండి బండి కూత వినిపించినది. అది ఏ బండియో ముసలామెకు తెలుసును. తండ్రి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన ఎప్పుడు వచ్చినాడో ఎవరూ చూడలేదు. కూతురు చేతిలోని పెన్సిలు తీసికొని, అలవాటు చొప్పున ‘నోస్టాల్జియా’లో ఒత్తవలసిన అక్షరంమీద చిన్న గీత పెట్టి, పెన్సిలు తిరిగి ఇచ్చి లోపలికి వెళ్ళినాడు.

పిల్ల మూడవ గడిలో ‘బెంగ’ అని వ్రాసినది. అక్షరాలు అంత బాగా రాలేదు. తెలుగు వ్రాయటం ఆమెకు అలవాటు తక్కువ. ‘బె’కు ఎత్వం సరిగా కుదరక చెరిపి, మామ్మకు చూపి, మళ్ళీ వ్రాసినది. తరువాతి మాట ‘నాక్షస్’. హిందీ గడిలో ‘హానికారక్’ అని ఉన్నది.

"మామ్మా, ఒంటికి చెడు చేసేదాన్ని ఏమంటారు?" అని అడిగినది.